పాకం తెలిసిన పన్ను

ఆ చక్కెర బిళ్ళల కార్ఖానాలో ఒక థర్మామీటరు ఉండేది. కొన్న రోజు నుంచీ అది గోడ మేకుకు వేలాడుతూ నిమ్మకు నీరెత్తినట్టు కాలక్షేపం చేస్తోంది. దాని అవసరం ఎవరికీ పడలేదు. కడాయి దగ్గర పాకం అక్క ఉండేది, పాకం అక్క నోట్లో ఆ పన్ను ఉండేది.

కుడివైపు కింది దవడలో చివరి నుంచి రెండోది ఆ పన్ను. అందరికీ కళ్ళూ చెవులూ ఉంటాయి, ఆవిడకు అదనంగా ఇదొకటి ఉందని కార్ఖానాలో అందరూ ఒప్పుకున్న మాట. చక్కెర, గ్లూకోజు కలిపి పెద్ద రాగి కడాయిలో మరిగిస్తారు. బుడగలు చిన్నవై, చప్పుడు మారి, పాకం చిక్కబడుతున్నప్పుడు ఆవిడ కర్ర గరిటె ముంచి ఒక చుక్క చన్నీళ్ళ గిన్నెలో వేస్తుంది. చుక్క గడ్డకడుతుంది. దాన్ని నోట్లో వేసుకుని ఆ పంటి కింద పెట్టి కొరుకుతుంది. మొదట్లో సాగుతుంది. ఇంకాసేపటికి విరిగినట్టే విరిగి పంటికి అతుక్కుంటుంది. చివరికి ఒకసారి 'టక్'మని విరిగి, పంటికి అంటకుండా విడిపోతుంది. అప్పుడు చెయ్యెత్తి "దించండి!" అంటుంది. ఇద్దరు మనుషులు కడాయిని ఎత్తి, నూనె రాసిన ఇనప బల్ల మీద పాకం కుమ్మరిస్తారు. కొంచెం ముందు దించితే బిళ్ళలు కాగితానికి అంటుకుపోతాయి. కొంచెం ఆలస్యమైతే పచ్చబడి చేదెక్కుతాయి. ఈ రెండు కొంచేల మధ్య ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఒక్కసారి కూడా పప్పులో కాలు వేయలేదు.

"ఎలా తెలుస్తుందక్కా?" అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, "నన్నడుగుతావేంటి, దాన్నడుగు" అని నోరు తెరిచి చూపించేది. గొప్పలకు పోతోందని మీకనిపిస్తే అనిపించనివ్వండి. ఇరవై రెండేళ్ళు ఒక్క కడాయి చెడగొట్టని మనిషి ఆ మాత్రం అనుకోవడంలో తప్పేముంది?

ఆ పనికి ఒక కట్టడి ఉండేది. కడాయి పొయ్యి మీద ఉన్నంతసేపూ నోట్లో నీళ్ళు పడకూడదు. ఆవిడకు పని నేర్పిన ముసలాయన పెట్టిన నియమం అది. నీళ్ళు పోస్తే నోరు చల్లబడుతుంది, కొలత తప్పుతుంది అనేవాడు. అందుకని ముందు కొరికిన ముక్కను బుగ్గలో అట్టేపెట్టుకుని, దాంతో పోల్చుకుంటూ తర్వాతి ముక్కను కొరకాలి. రోజుకు తొమ్మిది పది కడాయిలు, కడాయికి నాలుగైదు ముక్కలు. పొద్దున ఎనిమిదింటికి మొదటి ముక్క పడితే మధ్యాహ్నం భోజనం దాకా ఆవిడ బుగ్గ ఖాళీగా ఉండేది కాదు. భోజనమయ్యాక మళ్ళీ సాయంత్రం దాకా అదే తంతు. నేర్పిన ముసలాయన నోట్లో చివరి రోజుల్లో ఒక్క పన్ను కూడా లేదన్న సంగతి అందరికీ తెలుసు. ముసలాయన కదా, ఊడిపోయి ఉంటాయని అనుకున్నారు.

పాకం అక్క భర్త చెల్లెలు కూడా అదే కార్ఖానాలో చేసేది. ఆవిణ్ణి పనిలో పెట్టించిందీ, పని నేర్పిందీ పాకం అక్కే. ఆవిడకు రెండో పొయ్యి మీద నిమ్మపులుపు బిళ్ళల కడాయి అప్పజెప్పారు. చేరిన కొత్తలో ఒకరోజు ఆ ఆడపడుచు రెండు కడాయిల మధ్య ఒక గ్లాసు నీళ్ళు ముంచుకుని నోటి దాకా తెచ్చుకుంది. పాకం అక్క చూసి, గ్లాసు లాక్కుని, నీళ్ళు గచ్చు మీద పారబోసి, "కొలత పోతుందని నీకెన్నిసార్లు చెప్పాలి?" అని పదిమందిలో కసురుకుంది. ఆడపడుచు మళ్ళీ కడాయి వైపు తిరిగింది. నోట్లో వేలు పెడితే కొరకలేని రకం ఆవిడ. మళ్ళీ ఎప్పుడూ గ్లాసు ముట్టుకోలేదు.

పదకొండేళ్ళు తిరిగేసరికి ఆడపడుచు నోట్లో కొరకడానికి పళ్ళు మిగల్లేదు. ఒకటి పుచ్చింది, పీకించుకుంది. పక్కది పుచ్చింది, అదీ పీకించుకుంది. చివరికి మొత్తం కట్టుడు పళ్ళు పెట్టించుకుని, కడాయి వదిలేసి, బిళ్ళలకు కాగితాలు చుట్టే బల్ల దగ్గరికి చేరింది. నిమ్మ కడాయి కూడా పాకం అక్క చేతికే వచ్చింది. "వాళ్ళింట్లో పళ్ళే అంత. దానికితోడు చాటుగా బిళ్ళలు నోట్లో వేసుకుంటే ఉంటాయా మరి? నేనూ అదే పని చేస్తున్నా, నాకేమైనా అయిందా?" అని పాకం అక్క అందరిముందూ అనేసింది. అందరూ నవ్వారు. ఆడపడుచు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నాలుగేళ్ళ తర్వాత పాకం అక్క వంతు వచ్చింది. మొదట చన్నీళ్ళు తాగితే ఆ పన్ను జివ్వుమంది. పట్టించుకోలేదు. తర్వాత వేడి తగిలినా లాగడం మొదలుపెట్టింది. పంట్లో పురుగు పడిందనుకుని లవంగ నూనె దూదికి అద్ది పెట్టుకుంది. తోమేటప్పుడు ఇంకాస్త బలంగా రుద్దింది. నెల తిరగకుండా బ్రష్షు కుచ్చు చీపురులా విచ్చుకుపోయేది. ఇంత తోముతుంటే పురుగు ఎన్నాళ్ళుంటుందిలే అని ఆవిడ ధీమా. ఒకరోజు నిమ్మ కడాయి దగ్గర ముక్క కొరికేసరికి 'టక్' చెవికి వినబడేలోపే నొప్పి చెవిలోకి దూసుకుపోయింది. కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. ఆవిరి కొట్టిందని చెప్పి కొంగుతో తుడుచుకుని, తర్వాతి ముక్కను ఎడమవైపు కొరికింది.

అక్కడే దెబ్బతింది. ఎడమవైపు పైపన్ను ఎప్పుడో పీకించుకుంది, కింది పన్ను సగం గాల్లోనే కొరుకుతుంది. ఆ వైపు సాగినదానికీ, విరిగినదానికీ తేడా సరిగ్గా తెలియలేదు. తెలిసినట్టే చెయ్యెత్తింది. "దించండి!" అన్న గొంతులో మాత్రం ఏ తేడా లేదు.

రెండు వారాలకు పెట్టెలు వెనక్కి వచ్చాయి. కార్ఖానా యజమానిని అందరూ చిన్నసారు అంటారు, వాళ్ళ నాన్న పెద్దసారు కాబట్టి. ఆయన ఒక పెట్టె విప్పి బల్ల మీద పరిచాడు. కాగితం లాగితే బిళ్ళ వస్తోంది, బిళ్ళ లాగితే పక్క బిళ్ళ వస్తోంది.

"ఏమైందక్కా?"

"వాన బాబూ. గాల్లో చెమ్మ ఎక్కువగా ఉంది" అందావిడ.

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆవిడకు తనమీద తనకే రోత పుట్టింది. ఆవిడ గొప్పలు చెప్పుకుంటుందే కానీ అబద్ధం చెప్పే మనిషి కాదు. మరుసటి వారం ఇంకో నాలుగు పెట్టెలు వచ్చాయి. చిన్నసారు మేకు మీది థర్మామీటరు తీసి, దుమ్ము తుడిచి, బిళ్ళపాకానికి ఎంత వేడి ఉండాలో అక్కడ ఎర్రరంగుతో గీత పెట్టి, కడాయి అంచుకు తగిలించాడు.

"మీకూ కాస్త రెస్టు ఉంటుంది కదక్కా" అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆ రోజంతా ఆవిడ పంటి బిగువున, అదీ ఎడమవైపు పళ్ళతోనే, నిలబడింది.

భోజనాల దగ్గర ఆడపడుచు వచ్చి పక్కన కూర్చుంది. "ఏ పన్ను వదినా?" అంది.

"ఏ పన్నూ లేదు."

"ఒకవైపే నములుతున్నావు. నాకు తెలీని వ్యవహారమా ఇది? పీకించేసుకో, పీడా పోతుంది. నావన్నీ అలాగే పోయాయి."

"పీకించుకుని కడాయి దగ్గర నేనేం చెయ్యాలి? కూర్చుని కాగితాలు చుట్టుకోవాలా?"

ఎవరితో అంటోందో అన్నాక గానీ ఆవిడకు తట్టలేదు. ఆడపడుచు మొహం చిన్నబోయింది. డబ్బా మూత పెట్టి, "అయితే పీకకుండా బాగుచేసే డాక్టరు దగ్గరికి వెళ్దాం. రేపు సెలవు పెట్టు, నేనూ వస్తా" అంది.

పళ్ళ డాక్టరమ్మ గది చెప్పుల కొట్టు మీద మొదటి అంతస్తులో ఉంది. మనిషి పొట్టి. కుర్చీ చుట్టూ తిరగడానికి చిన్న పీట ఒకటి పెట్టుకుంది. పాకం అక్క నోట్లో దీపం వేసి, చిన్న అద్దం పెట్టి ఒక్కో పన్నూ చూసింది. అద్దం పిడితో ఆ పన్ను మీద మెల్లగా తట్టగానే పాకం అక్క కుర్చీ చేతులు పట్టుకుని లేచి కూర్చుంది.

"దొరికింది" అంది డాక్టరమ్మ. ఎక్స్‌రే తీసి వెలుగులో పెట్టి చూపించింది. "పైకి చూస్తే మిరియపు గింజంత కన్నం. లోపల చూడండి, ఈ నలుపంతా పుచ్చే. నరం దాకా వెళ్ళిపోయింది."

"పురుగా?"

"పురుగూ లేదు, దోమా లేదు. కంటికి కనబడని క్రిములు. అవి అందరి నోట్లోనూ ఉంటాయి. మీరు తీపి ఎక్కువ తింటారా?"

"ఒక్క పలుకు కూడా మింగను డాక్టరమ్మా! పాకం కొరికి చూసి ఉమ్మేస్తాను. అది నా ఉద్యోగం." ఆ మాట అనేసరికి ఆవిడ వెన్ను దానంతటదే నిటారుగా నిలబడింది. ముక్క ఎలా కొరకాలో, బుగ్గలో ఎలా పెట్టుకోవాలో, నీళ్ళు ఎందుకు తాగకూడదో, ఎవరు నేర్పారో అంతా ఓపిగ్గా చెప్పింది. పాపం డాక్టరమ్మకు ఈ విద్య తెలియదు కదా అని ఆవిడ ఉద్దేశం.

డాక్టరమ్మ అద్దం ట్రేలో పెట్టేసింది. "ఆ నీళ్ళ సంగతి ఇంకోసారి చెప్పండి."

ఇంకోసారి చెప్పింది.

"అమ్మా, తీపి తగిలిన ప్రతిసారీ ఆ క్రిములు దాన్ని తిని పులుపు వదుల్తాయి. ఆ పులుపు పంటిని కొద్దిగా కరిగిస్తుంది. ఓ అరగంటో ఇంకాస్తో నోటిని వదిలేస్తే, ఊరే ఉమ్మి ఆ పులుపును కడిగేసి, కరిగిన చోట మళ్ళీ గట్టిపరుస్తుంది. మీరు ఇరవై రెండేళ్ళలో మీ పంటికి ఆ అరగంట ఎప్పుడిచ్చారు?"

"మింగట్లేదంటున్నాను కదా!"

"మింగారా లేదా అన్నది కడుపు సంగతి. పంటికి కావలసింది ఎంతసేపు తగిలింది, ఎన్నిసార్లు తగిలింది, అంతే. భోజనమయ్యాక ఒక్కసారి గిన్నెడు మిఠాయి తిని నోరు కడుక్కునే వాళ్ళ పళ్ళు మీకంటే నయంగా ఉంటాయి. మీది రోజంతా తీపిలో నానేసిన నోరు."

"రెండు పూటలా గట్టిగా తోముతాను. కావాలంటే చూడండి!"

"చూశాను. చిగుళ్ళ దగ్గర పళ్ళు అరిగిపోయాయి. పులుపు తగిలిన వెంటనే రుద్దితే ఇంకా అరుగుతాయి. గట్టిగా కాదు, మెత్తటి బ్రష్షుతో నిదానంగా తోమాలి. పడుకునే ముందు తోమడం అసలు ముఖ్యం. ఆ తర్వాత మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టుకోకూడదు. ఇక పనిలో, కొరికిన ముక్క ఉమ్మేసిన వెంటనే నీళ్ళతో పుక్కిలించాలి. ప్రతిసారీ. నీళ్ళు తాగొద్దన్న ఆ నియమం పెట్టిందెవరో గానీ కోటి దండాలు. నిమ్మపులుపు బిళ్ళలైతే మరీ తొందరగా పళ్ళు పోతాయి, అందులో వేసే పులుపు కూడా తోడవుతుంది కాబట్టి."

పాకం అక్క కుర్చీలోంచి తల తిప్పి చూసింది. ఆడపడుచు గోడ పక్క స్టూలు మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. డాక్టరమ్మ మాటలన్నీ వింది. వదినవైపు చూడకుండా, గోడ మీద అతికించిన పంటి బొమ్మను చూస్తోంది. గచ్చు మీద పారిన ఆ గ్లాసుడు నీళ్ళు పదిహేనేళ్ళ తర్వాత పాకం అక్క కళ్ళముందుకు వచ్చాయి. ఆవిడ తల మళ్ళీ డాక్టరమ్మ వైపు తిప్పుకుంది.

"తీసేయమంటే పది నిమిషాల పని" అంది డాక్టరమ్మ. "ఉంచాలంటే రూట్ కెనాల్ చెయ్యాలి. మూడుసార్లు రావాలి. లోపల పుచ్చు తీసి, పాడైన నరం తీసి, శుభ్రం చేసి, నింపి, పైన క్యాప్ పెడతాను."

"నరం తీసేస్తే ఇక పంటికి ఏం తెలుస్తుంది? మొద్దు కదా అది?"

ఆవిడ అడుగుతున్నది పంటి గురించి మాత్రమే కాదు.

డాక్టరమ్మ పీట దగ్గరికి లాక్కుని కూర్చుంది. "లోపలి నరం చల్లదనం, వేడి, నొప్పి చెబుతుంది. కొరికినప్పుడు గట్టిగా ఉందా, మెత్తగా ఉందా, విరిగిందా అనేది చెప్పేది అది కాదు. పంటి వేరు చుట్టూ ఎముకకు పట్టి ఉంచే సన్నటి పొర ఉంటుంది. ఆ తెలివి దానిది. నేను దాన్ని ముట్టుకోను. వేరు ఉన్నంతకాలం అదీ ఉంటుంది. పీకేస్తే మాత్రం పంటితోపాటు పోతుంది. కట్టుడు పన్ను ఎంత మంచిది పెట్టినా అది రాదు."

"గ్యారంటీనా?"

"పన్ను నిలబెట్టడం నా పని, అది చేస్తాను. మీ 'టక్' సంగతి నాకు తెలీదమ్మా. నేనెప్పుడూ పాకం కొరకలేదు."

కుండ బద్దలు కొట్టినట్టు చెప్పే మనుషులంటే పాకం అక్కకు ఇష్టం. "ఆ సంగతి నేను చూసుకుంటా. మీరు కానివ్వండి" అని నోరు తెరిచింది.

మూడుసార్లు వెళ్ళింది. సూది మందు ఇచ్చాక సగం పెదవి తనది కానట్టు వేలాడింది. పంటి చుట్టూ రబ్బరు గుడ్డ బిగించి, డాక్టరమ్మ వెంట్రుకల్లాంటి సన్నటి సూదులతో వేర్ల లోపల గీకింది. ఒక్కో సూది వేరు చివర తాకగానే చేతివేళ్ళకు తెలిసి చెయ్యి ఆగిపోయేది. కళ్ళు మూసుకుని పడుకున్న పాకం అక్క ఆ ఆగడాన్ని గుర్తుపట్టింది. దించాల్సిన క్షణం తెలిసిన చెయ్యి ఎలా ఆగుతుందో ఆవిడకు ఒకరు చెప్పాలా? ఆ రోజు నుంచి డాక్టరమ్మ మీద నమ్మకం కుదిరింది. మిగతా పళ్ళలో రెండింటి మీద సున్నం మరకల్లా తెల్లటి మచ్చలు కనబడ్డాయి. "ఇవి పుచ్చు మొదలయ్యే చోట్లు. ఇంకా గుంట పడలేదు కాబట్టి వెనక్కి తిప్పొచ్చు" అని డాక్టరమ్మ వాటికి ఫ్లోరైడ్ పూత పూసి, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడమంది. ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోమంది.

ఈలోపు కార్ఖానాలో కొరకడం బంద్. మొదటి రోజే చిన్నసారు దగ్గరికి వెళ్ళి నిలబడింది. "వాన కాదు బాబూ. పన్ను. నొప్పి దాచుకుని ఎడంవైపు కొరికాను. పెట్టెలు పాడైంది నావల్లే."

చిన్నసారు ముక్కున వేలేసుకున్నాడు. "ముందే చెప్పొచ్చు కదక్కా!"

"చెప్తే థర్మామీటరు తగిలిస్తావని చెప్పలేదు. చెప్పకపోయినా తగిలించావు."

ఆ నెలంతా ఆవిడ థర్మామీటరు పక్కన నిలబడి దానిమీద ఒక కన్నేసి ఉంచింది. తప్పు పట్టుకుందామనే నిలబడింది. తీరా చూస్తే ఆ గాజు గొట్టం నమ్మకస్తురాలే. ఎర్రగీతకు ఇంకా రెండు వేళ్ళు కింద ఉండగా చుక్క తీసి చేత్తో లాగి చూస్తే పాకం ఎప్పుడూ సాగుతూనే ఉంది. అంటే ఇన్నేళ్ళూ కడాయికి మూడేసి ముక్కలు పాకం రాకముందే ఊరికే కొరికిందన్నమాట. "ఇన్నాళ్ళూ మతిలేని పని చేశాను" అని ఆవిడే పైకి అంది. తన పనిమీద నమ్మకం ఉన్న మనిషికి ఆ మాట అనడం కష్టం కాలేదు.

క్యాప్ పెట్టిన మూడో రోజు పొద్దున మొదటి కడాయి ఎక్కింది. అది నిమ్మపులుపు. పాకం అక్క తనే భుజం మీది తువ్వాలు తీసి థర్మామీటరుకు చుట్టేసింది.

"అదేంటక్కా?" అన్నాడు చిన్నసారు.

"దాన్ని చూస్తూ చెప్తే నా పంటి గొప్పేముంది?"

కాగితాలు చుట్టేవాళ్ళు చేతులు ఆపారు. దించే మనుషులిద్దరూ గుడ్డలు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు. బుడగలు చిన్నవయ్యాయి, చప్పుడు మారింది. ఇంకా ఆగింది. చుక్క వేసి, తీసి, కొత్త క్యాప్ మీద పెట్టి కొరికింది. ఎవరివో చెప్పులు వేసుకుని నడిచినట్టు అనిపించింది. విరిగిందా? అతుక్కుందా? తెలియలేదు. ఆవిడకు నిజంగానే భయం వేసింది. పోయిందేమో, ఆ తెలివి పోయిందేమో అనుకుంది. ముక్క ఉమ్మేసింది. బుగ్గలో పెట్టుకోలేదు.

కాసేపాగి ఇంకో చుక్క వేసింది. ఈసారి కళ్ళు మూసుకుంది. ముక్క ఆ పంటి మీద నిలబడింది. మెల్లగా ఒత్తింది. ఇంకొంచెం ఒత్తింది. చప్పుడు చెవికి రాకముందే ఎక్కడో దవడ ఎముక లోపల, వేరు మొదట్లో, పాత స్నేహితురాలు తలుపు తట్టినట్టు తెలిసింది.

"దించండి!"

చిన్నసారు తువ్వాలు లాగాడు. లోపలి పాదరసం ఎర్రగీత మీద ఉంది. కడాయి లేచింది, పాకం బల్ల మీద గాజులా పరుచుకుంది. ఎవరో చప్పట్లు కొట్టారు. పాకం అక్క అటు చూడలేదు. ఆడపడుచు తన బల్ల దగ్గర నుంచి లేచి, కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచుకుని వచ్చి ముందు నిలబడింది.

పాకం అక్క గ్లాసు అందుకుంది గానీ వెంటనే తాగలేదు.

"అందరూ వినండి" అంది పెద్దగా. "ఇది చాటుగా బిళ్ళలు తిని పళ్ళు పోగొట్టుకుందన్నాను. వాళ్ళింటి పళ్ళే అంతన్నాను. అది అబద్ధం. పదకొండేళ్ళు ఈ నిమ్మ కడాయికి దాని పళ్ళు ఇచ్చుకుంది. నీళ్ళు తాగబోతే దాని చేతిలోంచి గ్లాసు లాక్కున్నది నేను. అంతా నాదే తప్పు." ఆవిడ ఆడపడుచు వైపు తిరిగింది. "నన్ను క్షమించు అమ్మాయ్. ఆ గ్లాసు నీకు గుర్తుందో లేదో."

ఆడపడుచు వదిన మొహంలోకి చూసింది. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"రోజూ పడుకునేముందు పళ్ళు తీసి గ్లాసు నీళ్ళలో వేస్తాను కదా వదినా" అంది. "రోజూ గుర్తొస్తుంది."

ఆడపడుచు తన చేత్తో పాకం అక్క చేతిలోని గ్లాసు అడుగు పట్టుకుని, మెల్లగా వదిన నోటికి ఆనించింది.

"పుక్కిలించు. రెండో కడాయి మరుగుతోంది."